అరువు ముఖం

మహోదయపురం కోట తూర్పు బురుజు మీద తొలి నగారా మోగే వేళకు శ్యేనగిరి రాకుమారుడు అరిందముడు కన్నుమూశాడు. వయసు ఇరవై ఒకటి. పదకొండు రోజుల విషజ్వరంలో ఆ నిండు దేహం పిడికెడైపోయింది.

ఎనిమిదేళ్ళుగా అతనికి అంగరక్షకుడిగా ఉన్న పోలన మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అతని చేతిలోని తడిగుడ్డ నుంచి నీళ్ళు ఇంకా నేల మీదికి కారుతున్నాయి. మంచానికి అవతల ఒక ముసలివాడు గోడకు చేరగిలబడి, కాళ్ళు చాపుకుని, కూలిపనికి పోయి అలసివచ్చినవాడిలా కూర్చున్నాడు. ఆయన చక్రవర్తి విక్రమధవళుడు.

తూర్పున ముత్యాలు దొరికే కడలి నుంచి పడమట ఒంటె తప్ప మరో ప్రాణి తిరగని ఇసుకసీమ దాకా పదమూడు రాజ్యాల మీద ఆయన గొడుగు నీడ పరుచుకుని ఉంది. ఆయన వేయించిన రాతిబాటలు కొండలు ఎక్కి, లోయలు దాటి, అడవులు చీల్చుకుని పోయాయి. ఆ బాటల మీద ఒంటరి ఆడది ఒళ్ళంతా నగలతో నడిచిపోయినా అడిగేవాడు లేడని జనం చెప్పుకునేవారు. మహోదయపురం నడిబొడ్డున రణద్వారమనే కంచు తలుపులు ఉన్నాయి. సామ్రాజ్యంలో ఏ మూల యుద్ధం సాగుతున్నా ఆ తలుపులు బార్లా తెరిచి ఉంచాలి. అవి మూసి ఇరవై రెండేళ్ళయింది. వాటి మడతల్లో పిచ్చుకలు గూళ్ళు పెట్టుకున్నాయి.

ఆ శాంతికి ఒక కట్టుబాటు ఉంది. పదమూడు మంది సామంతరాజులూ తలా ఒక బిడ్డను, పదేళ్ళు నిండగానే, చక్రవర్తి కోటకు పంపాలి. వాళ్ళను బందీలని ఎవరూ అనేవారు కాదు. అతిథులనేవారు. పట్టుపాన్పులు, గురువులు, గుర్రాలు, అన్నీ ఉండేవి. కోట దాటే అనుమతి ఒక్కటే ఉండేది కాదు.

"పోలనా," అన్నాడు చక్రవర్తి. "తలుపు వేసిరా. వీడు పోయాడన్న మాట ఈ గది దాటకూడదు."

మూడో రోజు మధ్యాహ్నం శ్యేనగిరి నుంచి ఒక వేటడేగ వచ్చి కోట ముంగిట్లో లేఖ జారవిడిచింది. చక్రవర్తి దాన్ని పోలన చేతికే ఇచ్చి చదవమన్నాడు.

"నా కొడుకు చనిపోయాడని మా ఆస్థాన మాంత్రికుడు ధూమ్రజటి అంజనం వేసి చూసి చెబుతున్నాడు. అది అబద్ధమైతే అమావాస్యలోగా నా బిడ్డను నా కళ్ళ ముందు నిలబెట్టు. లేదా కనుమ దగ్గర నా నలభై వేల మంది సిద్ధంగా ఉన్నారు. తక్కిన పన్నెండు మంది రాజులకూ లేఖలు రాసి పెట్టుకున్నాను. ఇట్లు, భీమరథుడు."

పోలన లేఖ మడిచాడు. "జ్వరం వచ్చి పోయాడని ఉన్నమాట చెప్పకూడదా ప్రభూ?"

"నువ్వే ఆ తండ్రివైతే నమ్ముతావా?"



"నమ్మవు," అన్నాడు చక్రవర్తి. "శ్యేనగిరి దిగువపట్టణం తగలబెట్టినవాణ్ణి నేను. భీమరథుడి అన్నలిద్దరూ ఆ మంటల్లోనే పోయారు. ఈ సింహాసనం మెట్ల కింద రెండు లక్షల శవాలున్నాయి. ఆనాడు ఆ పొగలో నిలబడి, ఇదే ఆఖరు యుద్ధం అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట ఇన్నేళ్ళూ నిలబడిందంటే నా మంచితనం వల్ల కాదు. పదమూడు మంది తండ్రుల గుండెల్లో దడ వల్ల. ఇప్పుడు ఒక తండ్రికి ఆ దడ తీరిపోయింది."

ఆయన లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాడు. వీధుల్లో బళ్ళు పోతున్నాయి, ఎక్కడో పెళ్ళివారి సన్నాయి మోగుతోంది.

"వీడి నడక, మాట, అలవాట్లు నీకంటే ఎరిగినవాడు లేడు. ముఖం సంగతి యోగిని తారావళి చూసుకుంటుంది. నువ్వు అరిందముడివై శ్యేనగిరికి వెళ్ళు. ఆ నలభై వేల మంది ఇళ్ళకు తిరిగిపోతే చాలు. మంచు కరిగాక నేనే కొండెక్కి వెళ్ళి, భీమరథుడి కాళ్ళ దగ్గర కూర్చుని నిజం చెబుతాను. అప్పుడు నా తల ఆయన ఇష్టం."

"ఒక తల్లిని మోసం చెయ్యమంటున్నారు ప్రభూ."

"అవును. నలభై వేల మంది తల్లుల కోసం. ఇది న్యాయమని నేను అనడం లేదు పోలనా. చేతనవుతుందా అని అడుగుతున్నాను."

పోలన తల వంచుకున్నాడు. అతనికి ఇరవై నాలుగేళ్ళు. తండ్రి రాతిబాటలకు బండలు కొట్టే మనిషి. తల్లి అతని చిన్నతనంలోనే పోయింది. తనదంటూ చెప్పుకోవడానికి ఈ ఎనిమిదేళ్ళ స్నేహం తప్ప మరేమీ లేనివాడు. అతను సరేనన్నాడు.

కోట పునాదుల కింద ఒక గుహ ఉంది. దాని గోడల నిండా నీలిరాళ్ళు పొదిగినట్టు మెరుస్తుంటాయి. కప్పు నుంచి చినుకు చినుకుగా రాలే నీరు కింద స్ఫటికపు మొక్కలై నేలంతా మొలిచి ఉంటుంది. ఎన్నడూ ఆరని ఏడు దీపాల నడుమ, జడలు నేలను తాకుతుండగా, యోగిని తారావళి కూర్చుని ఉంటుంది. అరిందముడి దేహాన్ని అక్కడికే చేర్చి, పచ్చకర్పూరం నింపిన చందనపు పెట్టెలో పడుకోబెట్టారు. శ్యేనగిరి వంశంలో చితికి నిప్పు పెట్టేది తండ్రి గానీ తోబుట్టువు గానీ. అందుకే దహనం జరగలేదు.

యోగిని ఏవో ఆకుల రసం శవం ముఖం మీద పూసి మంత్రం జపించింది. కొంతసేపటికి ఉల్లిపొర కంటే పలచని తెర ఒకటి పైకి తేలింది. దాన్ని రెండు చేతులా ఎత్తి పోలన ముఖం మీద పరిచింది. చలి కత్తిలా ఎముకల దాకా దిగింది.

"అమావాస్య దాకా ఈ రూపం నిలుస్తుంది," అన్నదామె. "అంజనం వేసి చూసేవాడికి నీ చోట పొగ తప్ప కనబడదు. ఒక్కటి గుర్తుపెట్టుకో నాయనా. నీ ఒంటి నుంచి ఒక్క బొట్టు నెత్తురు చిందినా ఈ ముఖం కరిగిపోతుంది. ముల్లు గుచ్చుకున్నా అంతే."

ఆమె నీళ్ళ పాత్ర ముందుకు జరిపింది. పోలన తొంగిచూశాడు. నీళ్ళలోంచి అరిందముడు, జ్వరం రాకముందటి నిండు బుగ్గలతో, తన వంక చూస్తున్నాడు. మూడు రోజులుగా రాని ఏడుపు పోలనకు అప్పుడు వచ్చింది. నీళ్ళలో అరిందముడూ ఏడ్చాడు.

*

మర్నాడు ఉదయం పది మంది ఆశ్వికులు వెంటరాగా రాకుమారుడు అరిందముడు ఉత్తరద్వారం దాటాడు. ఆ పది మందికీ రహస్యం తెలియదు. వాళ్ళ నాయకుడు గుండయ పోలనతో ఒకే కంచంలో తిని, ఒకే చాప మీద పడుకున్న నేస్తం. బయలుదేరేటప్పుడు అతను చుట్టూ చూసి, "మా పోలన రావడం లేదా రాకుమారా?" అని అడిగాడు.

"అతన్ని చక్రవర్తి వేరే పని మీద పంపారు," అన్నాడు పోలన, అరిందముడి గొంతుతో.

నాలుగు రోజులు రాతిబాట మీద గుర్రాలు గాలిలా సాగాయి. మొదట మామిడితోపులు, ఆ తర్వాత చెరకు తోటలు, ఆ తర్వాత నల్లరేగడి చేలు వెనక్కి పోయాయి. ప్రతి సత్రం ముందూ జనం నిలబడి దండాలు పెట్టారు. శ్యేనగిరి రాకుమారుడు బతికే ఉన్నాడన్న కబురు గుర్రాల కంటే ముందు పరిగెత్తుతోంది. ఒక పల్లెలో ముసలమ్మ ఒకతె అడ్డంవచ్చి, అతని పాదం పట్టుకుని, "మా మనవణ్ణి దండులోకి పిలిచారు బాబూ. నిన్ను చూశాక వాడికి పశువులు తోలే ముల్లుకర్రతో తప్ప కత్తితో పని ఉండదనుకుంటా," అంది. పోలన ఆమె తల మీద చెయ్యి పెట్టి ముందుకు సాగిపోయాడు.

అయిదో రోజు మధ్యాహ్నం కొండవాగు శంఖినిని దాటుతున్నారు. వాగు మధ్యకు చేరేసరికి ఎండ మసకబారింది. తలెత్తి చూస్తే ఆకాశం నిండా రాబందులు. ఒక్కొక్కటీ ఆబోతంత ఉంది. వాటి ముక్కులు ఇనుముతో చేసినట్టు నల్లగా మెరుస్తున్నాయి. ధూమ్రజటి పంపిన క్షుద్రపక్షులవి.

"రాకుమారుణ్ణి కమ్ముకోండి," అని గుండయ కేక వేశాడు.

పది మందీ డాళ్ళెత్తి గొడుగులా పట్టారు. మొదటి దెబ్బకే మూడు డాళ్ళు చీలిపోయాయి. గుర్రాలు సకిలించి వెనక్కాళ్ళ మీద లేచాయి. పోలన కత్తి దూశాడు. ఇంకెప్పుడైనా అయితే ముందుకు దూకేవాడు. కానీ గోటి గీత పడ్డా అంతా పోతుంది. నలభై వేల మంది కనుమ దగ్గర నిలబడి ఉన్నారు. జీవితంలో మొదటిసారి అతను తోటివాళ్ళ వెనక నక్కాడు.

ఒడ్డున పడవవాడు బోర్లించిన తోలుపుట్టి ఒకటి కనబడింది. గుండయ పోలన నడుం పట్టుకుని నీళ్ళలోంచి ఈడ్చుకుపోయి, ఆ పుట్టి కిందికి తోసి, దాని మీద తాను బోర్లా పడుకున్నాడు. పోలన నెత్తిమీద దున్నపోతు తోలు డప్పులా మోగింది. చాలాసేపు మోగింది. తర్వాత బాణాల రివ్వు, రెక్కల చప్పుడు, ఆ పైన నిశ్శబ్దం.

పుట్టి కిందనుంచి బయటికి వచ్చేసరికి పక్షులు వెళ్ళిపోయాయి. పది మందిలో నలుగురు మిగిలారు. గుండయ వీపు చూడదగ్గట్టు లేదు. పోలన అతని తల ఒళ్ళో పెట్టుకుని దోసిట్లో నీళ్ళు పట్టాడు.

"మీకు దెబ్బ తగల్లేదు కదా?" అన్నాడు గుండయ.

"లేదు."

"అయితే బాగుంది." అతని పెదవులు ఎండిపోతున్నాయి. "రాకుమారా, మా పోలనకు చెప్పండి. వాడు ఇక్కడుంటే బాగుండేదని. చచ్చేటప్పుడు ఒకరి పక్కన ఒకరం ఉండాలని చిన్నప్పుడు అనుకున్నాం. వాడికి కోపం వస్తుంది, తను లేకుండా పోయానని. కోప్పడొద్దన్నానని చెప్పండి."

మిగిలిన నలుగురూ చుట్టూ నిలబడి ఉన్నారు. చక్రవర్తికి ఇచ్చిన మాట పోలన నాలుక మీద బండలా కూర్చుంది. అతను వంగి గుండయ చెవి దగ్గర, "చెబుతాను," అన్నాడు. గుండయ విన్నాడో లేదో తెలియదు.

ఆరుగురినీ వాగు ఒడ్డున దహనం చేశారు. వాళ్ళు ఒక రాకుమారుణ్ణి కాపాడామనుకుని పోయారు. పోలన చితుల దగ్గర నిలబడి, పొగ కళ్ళలో పడినా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

*

శ్యేనగిరి, డేగ రెక్కలు విప్పి వాలినట్టుండే రెండు శిఖరాల నడుమ ఉంది. మేఘాలు ఆ నగరం వీధుల్లో మేకలమందలా తిరుగుతాయి. ఇళ్ళ కప్పులకు పలకరాళ్ళు, గుమ్మాలకు దేవదారు చెక్కడాలు, ప్రతి మేడ మీదా వేటడేగలు కూర్చునే కొయ్యలు. రాజసభ ముందున్న విశాలమైన ముంగిలిలో మహారాజు భీమరథుడు నిలబడి ఉన్నాడు. తాటిమానులాంటి మనిషి. గడ్డం నెరిసింది. నడుముకు యుద్ధపు పట్టీ కట్టి ఉంది. ఆయన కుడిపక్కన ధూమ్రజటి, జడల్లోంచి సన్నగా పొగ లేస్తుండగా, కళ్ళార్పకుండా చూస్తున్నాడు. లక్ష శవాలు పడిన రణభూమిలో కూర్చుని జపిస్తే చావులేనివాడవుతానని ఆ మాంత్రికుడి ఆశ. అందుకే అతనికి యుద్ధం కావాలి.

ఎడమపక్కన రాణి ఇందుకళాదేవి. పదకొండేళ్ళ తర్వాత కొడుకును చూస్తున్న తల్లి.

పోలన గుర్రం దిగి మహారాజుకు మొక్కాడు. భీమరథుడు అతన్ని లేవనెత్తి, భుజాలు తడిమి, ముఖం అటూ ఇటూ తిప్పి చూసి, గట్టిగా కావలించుకున్నాడు. యుద్ధంలో అన్నల కాలిన దేహాలు మోసుకొచ్చినప్పుడు కూడా చెమర్చని కళ్ళని పేరుపడ్డ ఆ కళ్ళ నుంచి నీళ్ళు పోలన మెడ మీద పడ్డాయి.

తర్వాత పోలన రాణి పాదాలు తాకి, లేచి, ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కూడా చూసింది. ఏదో అనబోయి ఆగిపోయింది.

"మహారాజా," అన్నాడు ధూమ్రజటి. "ముఖాలు మార్చే విద్యలు చాలా ఉన్నాయి. కనుమ దాటి ఇంటికొచ్చిన రాజవంశీకుడు కులదేవత శ్యేనాంబ శిల మీద ఒక నెత్తుటి బొట్టు వెయ్యాలన్నది మీ తాతల నాటి ఆచారం. అది జరిపించండి. ఆ తర్వాత నేను నోరెత్తను."

సభ అంతా సరేనంది. ముంగిలి మధ్య డేగ ఆకారంలో చెక్కిన నల్లశిల ఉంది. పూజారి వెండి పళ్ళెంలో చురకత్తి తెచ్చాడు. పోలన చుట్టూ చూశాడు. గోడల మీద విలుకాళ్ళు, ద్వారం దగ్గర భటులు. పారిపోతే యుద్ధం. కత్తి పట్టుకుంటే యుద్ధం. అతను అడుగు ముందుకు వేశాడు. వేలు కోసుకునే క్షణంలోనే ధూమ్రజటి గుండెలో కత్తి దింపి చద్దామనుకున్నాడు. అది ఎవరినీ కాపాడదని తెలిసి కూడా అంతకంటే ఏమీ తోచలేదు.

చురకత్తి మీద మరో చెయ్యి పడింది. రాణి ఇందుకళాదేవి చెయ్యి.

"మొక్కు నాది," అన్నదామె. "బిడ్డను పంపించిన నాడు శ్యేనాంబతో చెప్పుకున్నాను. వాడు తిరిగివస్తే వాడి నెత్తురు అడగొద్దు, నాది తీసుకో అని. వాడి ఒంట్లో ఉన్నది నా నెత్తురే కదా."

ధూమ్రజటి ముందుకు వచ్చాడు. "ఆచారం బిడ్డకు గానీ తల్లికి కాదు మహారాణీ."

"మాతృమూర్తికి మరో తల్లి మొక్కుకుంటే మధ్యలో నువ్వెవరివి?"

ఆమె అరచేతిని అడ్డంగా కోసుకుని నల్లశిల మీద అదిమింది. నెత్తురు డేగ రెక్కల వెంట కిందికి కారింది. ముంగిలి అంతా చేతులు జోడించింది. భీమరథుడు భార్య చేతిని తన తలపాగా గుడ్డతో కట్టి, యుద్ధపు పట్టీ విప్పి శిల ముందు పడేశాడు.

"దండును ఇళ్ళకు పంపండి," అన్నాడు. "రాసిపెట్టిన లేఖలు కాల్చెయ్యండి."

కొండల మీద ఒకదాని తర్వాత ఒకటిగా కొమ్ముబూరలు మోగాయి. జనం ఏడుస్తూ నవ్వుతూ ఒకరినొకరు పట్టుకున్నారు. ఆ సందడిలో ధూమ్రజటి ఎటు పోయాడో ఎవరూ చూడలేదు.

*

సాయంత్రపు ఎండ ఇంకా ఉండగానే రాణి అతన్ని తన మందిరానికి పిలిపించుకుంది. దాసీలను పంపేసి, తలుపు గడియ వేసి, అతని ఎదురుగా కూర్చుంది.

"నా కొడుకు ఎప్పుడు పోయాడు?"

పోలన ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. అబద్ధం ఆడదామనుకున్నాడు. నోరు రాలేదు. "పదకొండు రోజులైందమ్మా. జ్వరం. ఎవరూ ఏమీ చెయ్యలేదు. చక్రవర్తి మంచం దగ్గరే కూర్చున్నారు. నేనూ ఉన్నాను."

ఆమె కదలలేదు. కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో ఉంది. గుడ్డ ఎర్రబడుతోంది.

"నన్ను ఎలా గుర్తుపట్టారమ్మా?"

"పదేళ్ళవాణ్ణి పంపుతుంటే వాడు నా చెయ్యి విదిలించుకున్నాడు. నన్ను అమ్మేశావని అన్నాడు. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళాడు. పదకొండేళ్ళుగా కోపంతో వచ్చే కొడుకు కోసం ఎదురుచూస్తున్నాను. వాడు వచ్చి నన్ను నిలదీస్తే ఏం చెప్పాలో రోజూ అనుకునేదాన్ని." ఆమె అతని కళ్ళలోకి చూసింది. "నువ్వు నా వంక జాలిగా చూశావు నాయనా. బిడ్డ పోయిన తల్లిని చూసినట్టు చూశావు."



"అక్కడికక్కడ అరుద్దామనుకున్నాను. గోడల మీద విల్లులు పట్టుకుని నిలబడ్డవాళ్ళను చూశాను. సగం మందికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. నాకు పోయిన బిడ్డ ఎలాగూ పోయాడు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడి కోపం పోయిందా?" అని అడిగింది.

"ఆ మాట నాతో ఎన్నడూ అనలేదమ్మా. చివర్లో స్పృహ లేదు. కానీ శ్యేనగిరి నుంచి ఉన్ని వర్తకులు వచ్చినప్పుడల్లా పరిగెత్తుకెళ్ళేవాడు. తండ్రిగారి సంగతి, రాజ్యం సంగతి ఏదీ అడిగేవాడు కాదు. రాణివాసం కిటికీ ఉత్తరం వైపు ఉంది, ఈ ఏడు ఆ వైపు మంచు ఎంత పడింది అని అడిగేవాడు. అదొక్కటే. ప్రతి ఏడూ."

ఇందుకళాదేవి లేచి ఆ ఉత్తరపు కిటికీ దగ్గరకు వెళ్ళి, అతనికి వీపు తిప్పి నిలబడింది. చప్పుడు లేకుండా ఏడ్చింది. ఎంతసేపటికో ఆమె తిరిగేసరికి గొంతు మారిపోయింది.

"వాడి దేహం ఎక్కడుంది?"

"కోట కింద గుహలో. దహనం కాలేదు."

ఆమె ముఖం తెల్లబోయింది. "అయితే ధూమ్రజటి అక్కడికే పోయాడు. ఇందాక నా దాసి చూసింది, నల్లదున్నల రథం కట్టించుకుని దక్షిణద్వారం దాటాడట. చచ్చినవాళ్ళను లేపి మాట్లాడించే విద్య ఉంది వాడికి. నా బిడ్డను లేపి, ఇక్కడికి నడిపించుకొచ్చి, నన్ను చంపారు అని వాడి నోటితోనే పలికిస్తాడు. అప్పుడు మహారాజును నేనూ ఆపలేను." ఆమె దగ్గరకు వచ్చి అతని తల మీద మంచి చెయ్యి పెట్టింది. "నీకు తల్లి ఉందా?"

"లేదమ్మా."

"నువ్వు వాడికి అన్నవి. నీ చేత్తో నిప్పు పెట్టు. ఆ దుర్మార్గుడి చెయ్యి పడకముందే నా బిడ్డను బూడిద చెయ్యి. మహారాజుకు నేను ఏదో చెప్పుకుంటాను. లే నాయనా, వెళ్ళు."

*

సూర్యుడు పడమటి శిఖరం మీద ఆనేసరికి పోలన కనుమ చేరాడు. గుర్రం నోట నురగలు కక్కుతోంది. బాట పొడుగునా ఇళ్ళకు తిరిగిపోతున్న సైనికులు అతన్ని చూసి ఈటెలు ఎత్తి జయజయధ్వానాలు చేశారు. కొందరు అప్పుడే కవచాలు విప్పి గాడిదల మీద వేశారు. ఒకడు పిల్లనగ్రోవి ఊదుతున్నాడు.

కనుమ అంచున నిలబడి పోలన కిందికి చూశాడు. చక్రవర్తి రాతిబాట కొండల నడుమ తెల్లటి నూలుపోగులా మెలికలు తిరుగుతూ దక్షిణానికి పోతోంది. చాలా దూరాన దాని మీద ఒక నల్లచుక్క కదులుతోంది. ఆ చుక్క దాటిన చోటల్లా బాటకు రెండు పక్కలా చెట్లు మాడి పొగలు లేస్తున్నాయి. గుర్రం మీద ఎంత పరిగెత్తినా ఆ రథాన్ని అందుకోవడం కల్ల.

కనుమకు తూర్పున కలపవాళ్ళు పనిచేస్తున్నారు. కోటగోడలు ఎక్కే నిచ్చెనల కోసం కొట్టిన దేవదారు మానులు అక్కడ గుట్టలుగా పడి ఉన్నాయి. ఇప్పుడు యుద్ధం లేదు కాబట్టి వాటిని దిగువ పల్లెల్లో ఇళ్ళ దూలాలకు పంపేస్తున్నారు. కొండ పైనుంచి లోయలోని నది దాకా రాతిలో తొలిచిన నీటికాలువ ఉంది. మానును అందులోకి దొర్లిస్తే, అది బాణంలా జారి, నదిలో పడి, ఆ వేగానికి రెండో రోజుకు మహోదయపురం రేవు చేరుతుంది.

పోలన గుర్రం దిగి వాళ్ళ దగ్గరకు పరిగెత్తాడు. "అన్నిటికంటే పొడుగు మాను ఏది?"

కలపవాళ్ళ పెద్ద, మెడలో గొడ్డలి వేలాడేసుకున్న ముసలివాడు, దండం పెట్టి ఒక మాను చూపించాడు. పోలన తలపాగా విప్పి నడుమును మానుకు కట్టుకోవడం చూసి అతనికి సంగతి అర్థమైంది.

"దీని మీద మనిషి పోయి బతికింది లేదు రాకుమారా. మధ్యలో కాలువ మూడు చోట్ల తెగి ఉంది, అక్కడ మాను గాలిలోకి దూకుతుంది."

"నాకు వేరే దారి లేదు తాతా. తొయ్యి."

ముసలివాడు చుట్టూ ఉన్నవాళ్ళ వంక చూశాడు. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి తానే వచ్చి, మోకు తెచ్చి మరో రెండు చుట్లు చుట్టి, గొర్రెతోలు ఒకటి అతని గుండె కింద సర్ది, ముడి బిగించాడు.

"నా ఇద్దరు కొడుకులూ దండులో ఉన్నారు బాబూ," అన్నాడు. "ఇందాకే కబురొచ్చింది. రాత్రి భోజనానికి ఇంటికొస్తున్నామని. మీరు వచ్చారు కాబట్టే. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతున్నారు. రాణీగారు తట్టుకుంటారా?"

పోలన చెంప దేవదారు బెరడుకు ఆనింది. కింద ఎక్కడో నీళ్ళ హోరు.

"ఆవిడే పంపారు," అన్నాడు.

ముసలివాడు తనవాళ్ళకు చెయ్యి ఊపాడు. నలుగురు భుజాలు ఆనించారు. మాను ఒకసారి కదిలి, ఆగి, ముక్కు కిందికి వంచింది. కలపవాళ్ళందరూ గొడ్డళ్ళు దించి నిలబడ్డారు. శ్యేనగిరి శిఖరాలు పోలన కళ్ళ ముందు తలకిందులయ్యాయి.